రాఘవయ్యగారి కుడిచెయ్యి

హలో… ఆ, నేనేనండి, ఆస్మాని. తెనాలి ఫిజియోథెరపీ కాలేజీ నుంచి… రేపల్లెలో వానా? ఇక్కడా పడుతోంది. మొదలెడదామా రాఘవయ్యగారూ? అనసూయమ్మగారు పక్కనే ఉన్నారా?… ఫోను స్పీకర్లో పెట్టమనండి.

ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకోండి. రెండూ కలిపి పైకి… నెమ్మదిగా, పదిసార్లు. పక్షవాతం వచ్చిన చెయ్యి, గుంజకండి… ఎందాకా లేచింది?… గడ్డం దాకానా! మూడు వారాల కిందట ఒళ్ళోంచి కదల్లేదు…

నా గొప్పేం లేదండి. మీకు ఫోన్లో నేర్పించడమే ఈ ఏడాది మాకు ప్రాక్టికల్స్… మా లెక్చరర్ వీణ మేడమా? ఇవాళ బాపట్ల వెళ్ళారు. ఫోన్ చేసినప్పుడల్లా పక్కన కూర్చుని వింటారు. అందుకే ఇన్నాళ్ళూ అడగలేదు.

నజీరుద్దీన్ గుర్తున్నాడా?… అమృతలూరులో. మీ ఇంటికొచ్చి బట్టలు కుట్టేవాడు… ఆ, ఆ టైలరే.

మా నాన్న.

…చెయ్యి దించకండి.

చేతి గడియారం పోయిందని మీ వాకిట్లో, అంతమంది ముందు కొట్టారు. ఈ చేత్తోనే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. టేపు పట్టుకుని పక్కనే ఉన్నా… మర్నాడు దొరికిందిగా? మీ చొక్కా జేబులోనే… ఎవరు చెబితే ఏం? మీ ఇంట్లో పనిచేసిన అంకమ్మ చెప్పింది. మీరు మాత్రం ఎవ్వరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఊళ్ళో ఒక్కరు గుడ్డ ఇవ్వలేదు మా నాన్నకి. ఊరొదిలేసి తెనాలి వచ్చి, బజార్లో కొట్టు పెట్టుకున్నాం.

అనసూయమ్మగారూ… మీకు తెలీదా?… మీ ఆయన్నే అడగండి. ఎదురుగానే ఉన్నారుగా.

…వేరే స్టూడెంట్ కావాలా? ఇస్తారండి. కారణం మాత్రం మేడంకి మీరే చెప్పాలి. చెబుతారా?… మరేంటి!

ఫైల్లో మీ పేరు చూసినరోజు ఏమనుకున్నానో తెలుసా? మేడం లేని రోజు చూసి ఒక్క ఎక్సర్‌సైజు తప్పు చెబితే చాలు, ఆ భుజం జారిపోతుంది. ఎవరికీ అనుమానం రాదు. రెండ్రోజులు అన్నం సయించలేదు నాకు… చెయ్యలేదు. జాలిపడి కాదు. ఆ చెయ్యి బాగవ్వాలి నాకు. మా నాన్న కొట్టు ముందు, బజారంతా చూస్తుండగా, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలి మీరు.

…ఏడుస్తున్నారా? ఏడవండి. లెక్క ఆపకండి. ఇంకా ఆరున్నాయి… అయిదు… మోచెయ్యి వంచకండి… నాలుగు…

ఎవరూ… అనసూయమ్మగారా? ఫోను తీసుకున్నారేంటి?… ఆయనే అన్నారా, వస్తానని?… మీరు బలవంతపెట్టలేదుగా?

…సరే. శుక్రవారం కొట్టు మూస్తాడు, శనివారం తీసుకురండి. బజారు మొదట్లో ఆటోలోంచి దించి నడిపించండి, కర్రతో నడవగలరు… మా నాన్న సంగతి నాకు తెలీదమ్మా. మెత్తని మనిషి, కుర్చీ వేసి కూర్చోబెడతాడేమో.

నేనా?… నేను క్షమించను. ఆయనకి ఆ మాట చెప్పండి.

ఎల్లుండి పదింటికి మళ్ళీ చేస్తా. వేళ్ళ ఎక్సర్‌సైజు మొదలెట్టాలి, మెత్తటి బంతి ఒకటి కొనుంచండి… ఆ. ఉంటానండి.