బావ పెట్టిన తాళం

హలో… ఆ, నేనేలే, శ్రీవిద్యనే. నా సెల్లుకు చేసి ఎవరని అడుగుతావేంది బావా?

…తెరుచుకోల్యా? యాడ, కడప ఆఫీసులోనా?… ఇంట్లో గూడానా? సెల్లులో గూడా?

తెరుచుకోదు. తాళం మార్చినా.

…అరవొద్దు. అరిస్తే పెట్టేస్తా.

నీవీ దాంట్లోనే ఉండాయని తెలుసు. ఆఫీసు మెయిలు, బ్యాంకు, అన్నీ. నిశ్చితార్థం అయిన వారానికే, పాస్‌వర్డులన్నీ ఒకచోట దాచే ఆ పాస్‌వర్డ్ మేనేజరు తెచ్చి మా అంగడి కంప్యూటర్లో ఎక్కిస్తివే… అప్పుడేమంటివి? ఇద్దరికీ ఒకటే పెట్టె, ఒకటే పాస్‌వర్డు, మన మధ్య దాపరికాలేంది అంటివి. నేనూ మురిసిపోయి నావన్నీ దాంట్లో పోస్తిని.

…ఎందుకు మార్చినానో తెలీదా?… నిజంగా? అబ్బ, ఏం నటిస్తాండావు బావా!

కర్నూలు కాలేజీ. కంప్యూటరు లెక్చరరు పోస్టు. ఇంటర్వ్యూకు రమ్మని నాకు మెయిలొచ్చింది. నాకంటే ముందు నువ్వు చూస్తివి. చూసి, నా మెయిల్లో కూర్చోని, నా పేరుతో జవాబు కొడ్తివి. ఐ యామ్ నాట్ ఇంట్రెస్టెడ్. కింద శ్రీవిద్య అని గూడా పెడ్తివి! వచ్చింది తుడిపేస్తివి గానీ, పంపింది తుడిపేది మర్చిపోయినావు.

…మంచికా? ఎవరి మంచికి?

…పెండ్లయినాక నువ్వు కడపలో, నేను కర్నూల్లో ఎట్లుండేదనా? ఆ మాట నన్నే అడిగింటే ఏదోటి చెప్పేదాన్ని గదా. నాకు నోరు లేదా?

…ఫోను చేసినా కాలేజీకి. చేయకుండా ఉంటానా? ఆ జవాబు నేను రాయలేదు సార్ అంటిని. మరి ఎవరు రాసినారమ్మా అనిరి. నేను చేసుకోబోయే మా బావ అంటిని. నవ్వినారు. నవ్వినారు బావా! మీ ఇంటి గొడవ మీరే తీర్చుకోండి, పోస్టు ఇంకొకరికి ఇచ్చేసినాం అనిరి. అంగట్లో నిలబడి ఏడిస్తిని, చీరలకొచ్చినోళ్ల ముందరే.

…ఇంకో ఉద్యోగం నువ్వు చూపిస్తావా? గమ్మునుండు. సిగ్గుండల్ల మనిషికి.

మా మైదుకూరు అంగడికి రెండు తాళాలు, చూసినావు గదా? ఒక తాళంచెవి మా నాయన దగ్గర, ఇంకోటి ఆయన పొత్తుదారు ప్రేమయ్య మామ దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరిసేది. ఒకరు రాకుంటే ఇంకొకరు మెట్ల మీద కూర్చోనుంటారు. నమ్మకం లేక కాదు. పొత్తంటే అది.

…నావా? నావన్నీ దాంట్లోంచి తీసేసినా. వేరే మేనేజరు ఎంచుకున్నా. శానా చూసినాలే. ఒకటి బాగుండాది గానీ ఇంట్లో కంప్యూటర్లో తప్ప పనిచేయదు. ఇంకోటి నీ దాని మాదిరే, ఎవురెవురికో పంచి పెట్టల్లంటాది. ఇది పెన్‌డ్రైవులో ఉంటాది. అంగట్లో పెడితే అంగట్లో, ఇంట్లో పెడితే ఇంట్లో తెరుచుకుంటాది. సెల్లుకు గూడా ఉండాది. దాని తాళం నా తలకాయలో తప్ప యాడా లేదు.

…నీవి అట్లనే ఉండాయి. నేను చూడల్యా. మీ ఆఫీసరుకు నీ పేరుతో ఒక మెయిలు కొట్టల్లని చేతులు దురదపెట్టినాయి. ఉద్యోగం నాకొద్దు సార్ అని. కొట్టల్యా. నీ మాదిరి గాదు నేను.

…ఇస్తా. నీ పాస్‌వర్డు నాకెందుకు?

…అత్తకిస్తావా ఫోను? ఇయ్యి.

…

ఏం, వద్దంటాండాదా? మాట్లాడదులే. మీ అమ్మకు, రాజ్యలక్ష్మమ్మత్తకు, పొద్దున్నే చెప్పినాం, మా నాయనా నేనూ. ఈ పెండ్లి లేదని. నీకింకా చెప్పల్యా ఆమె?… తమాషా కాదు. తాంబూలాలు వెనక్కి తెస్తాండాడు మా నాయన. బస్సెక్కినాడు గూడా.

…ఇంత చిన్నదానికా? నీకు చిన్నదే.

పెన్ను పట్టుకో. కొత్త పాస్‌వర్డు చెప్తా… ఏడుపు తర్వాతలే, ముందు రాసుకో.

ఐ యామ్ నాట్ ఇంట్రెస్టెడ్. ఆ, నువ్వు రాసిందే. అన్నీ చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీ లేకుండా. చివర నా పేరు. నువ్వు పెట్టినట్లే.

…కొట్టు. నేనుండా.

…తెరుచుకుందా?

మంచిది. ఇంగ ఈ నంబరుకు చేయొద్దు శివప్రసాద్.

…ఆ, పేరు పెట్టే పిలిచినా. పెట్టేస్తాండా.