మగ్గానికి రాసిన భాష

హలో… ఆ, నేనే, మానసను. చెప్పు జగదీశన్నా.

గద్వాల్లనే ఉన్న. ఇంట్లనే… అమ్మ మగ్గం మీద ఉంది.

…ఊఁ.

పెద్ద కంప్యూటర్ బోర్డు వద్దన్నడా షావుకారు? … అనుకున్న. మగ్గానికొకటి ఆయన యాడ కొంటడు.

అంటే ఈ చిన్న బోర్డు మెమరీలనే సర్దుకోవాలె. మగ్గానికి డిజైను చెప్పనీకి మనిద్దరం రాసిన భాషల తెలుగన్న ఉంచాలె, ప్రోగ్రాంను వెనక్కి నడిపేదన్న ఉంచాలె. రెండూ పట్టవు.

…లే, కోపం లేదన్నా. ఏం అనిపిస్తలేదు. పొద్దుగాల్నుంచి గిట్లనే ఉంది పాణం.

నన్నే చెప్పమంటవా?

…తెలుగు తీసెయ్.

ఆ, నువ్వు ఇన్నది నిజమే. తెలుగే.

…ఎందుకంటే పట్టుపోగు తెగుతది. తెగినంక నేసింది విప్పాలె. బట్ట వెనక్కొస్తది, ప్రోగ్రాం రాకుంటే? … గదే. అంచు మీద బొమ్మ సగంకాడ విరుగుతది. చీర పాయె, నేసినోళ్ల కూలి పాయె.

తెలుగు లేకుంటే చీర చెడదు కదన్నా.

…తెలుసు. ఇది ఎవరి కోసం మొదలువెట్టిననో నాకు యాది చెయ్యకు. అమ్మకు ఇంగ్లీషు అక్షరం రాదు… లే, ఇప్పుడేం నేర్వదు. డిజైను ఇంకోళ్లు రాస్తరు, ఆమె నేస్తది. ఇన్నేండ్లు గట్లనే నేసింది.

…అమ్మకింకా చెప్పలే. ఎట్ల చెప్పాలె?

ఏడుస్తలేను. ఏడుపొస్తే బాగుండు.

ఒక్క నిమిషం… ఏందమ్మా? … ఆ, వస్తున్న.

అన్నా, అమ్మ పిలుస్తుంది. అంచు డిజైను తెలుగుల సొంతంగ రాసిందంట, నేను చెయ్యి పెట్టకుంట. 'రుద్రాక్ష, ఒకటి ఇడిసి ఒకటి' అని… తప్పేం లేదు. మగ్గం ఒక్కసారికే తీసుకుంది.

…తెలుగు లేని కొత్తది ఎక్కించుడు ఇప్పుడేనా? … మాపటికి షావుకారుకు చూపెట్టాలెనా. సరే.

జర ఆగు. లైన్ల ఉండు. ఒక్క రుద్రాక్ష బొమ్మ పడనీ.

…

నడుస్తుంది.

…నవ్వుతుందన్నా. నా దిక్కు జూసి.

…

ఆ, పడ్డది. ఇగ ఎక్కించు.

…లే, అమ్మకు చెప్పుడు నాతోని కాదు. పెట్టేస్తున్న.