కోటేశ్వరమ్మ గారి తేనె ఉంగరం

ఆ సీసా ఇటియ్యి రమ్యా, జర సూడనీ. తేనెనా? నీ కొడుకుకు ఇరవయ్యొకటో దినం ఈ తాత చేత నాకిపిద్దామనా? కూసో బిడ్డా. మీ అమ్మ, నా కోడలు, వంటింట్లనే ఉన్నది గద? ఉండనీ, ఉండనీ. గీ చంపాపేట్ ఇంట్లనే పైన కిరాయికుండేది కోటేశ్వరమ్మ గారు, గుంటూరు దిక్కామె. నీకు రెండేండ్లప్పుడు కాలం చేసింది. గొంతంటే ఏం గొంతు! ఆమె భజన ఎత్తుకుంటే మన గల్లీల కూరగాయల బండాయన గూడ అరుసుడు బంద్ పెట్టేటోడు. నా గొంతా? నవ్వకు. నన్ను తాళాలు కొట్టుమనేటోళ్లు, నోరు మాత్రం తెరవొద్దనేటోళ్లు. ఎవరింట్ల పురుడైనా ఆమెకే కబురు. బంగారు ఉంగరం తేనెల ముంచి పసిగుడ్డు నాలుకకు తాకిస్తే ఆమె గొంతే వస్తదని అందరి నమ్మకం.

మీ అన్న జగన్ పుట్టిండు. ఉంగరంతోని ఒక్కసారి తాకిచ్చి, "ఒక్క చుక్క చాలండీ జంగయ్య గారూ" అన్నదామె. నాకేమో ఆశ. మనింట్ల ఒక్కడన్న పాడాలె గద! గుడిల అభిషేకం తేనె, దేవుడి తేనె, ఏమైతదని ఆమె ఉంగరం అడుక్కొచ్చి దినాం పొద్దుగాల నేనే నాకిపిచ్చిన. మీ అమ్మ స్నానానికి పోయినప్పుడు, దొంగలెక్క. రెండు నెలలు నిండినయో లేదో, పోరడికి నాలుగొద్దులు దొడ్డికి లేదు. రెప్పలు వాలిపోయినయ్, పాలు గుంజుతలేడు, కాళ్లు చేతులు మెత్తవడ్డయ్. ఏడుపు పిల్లికూన లెక్క సన్నగ. ఆటోల దవాఖానకు ఉరికినం, కోటేశ్వరమ్మ గారు గూడ ఎంబడొచ్చింది. డాక్టరు అడిగిన మొదటి మాట, "తేనె పెట్టిన్రా?" అని. బొటులిజం అంట, నాకు నోరు తిరగదు. తేనెల కంటికి కనవడని గింజలసొంటివి ఉంటయట, ఏడాది లోపు పిల్లల పేగుల్ల మొలిసి విషం పుట్టిస్తయట. "కాసి ఇస్తే సారూ?" అన్న. "కాసినా సావయ్." "గుడిది సారూ!" "గుడిదైనా, అడవిదైనా, ఏడాది నిండేదాక వద్దు పెద్దాయనా." మరి పెట్టిందెవరని మీ అమ్మ అడిగింది. నేను చేతిల మందుల చీటి మడతలు పెట్టుకుంట నిలబడ్డ. వెనకనుంచి కోటేశ్వరమ్మ గారు, "నేనేనమ్మా" అన్నది. తన ఒక్క చుక్క ముచ్చటే చెప్పిందామె, మిగతా చుక్కలు నా మీదికి రానియ్యలే.

మూడు వారాలు దవాఖానల ఉన్నడు మీ అన్న. దేవుడు సల్లగ సూసిండు. గిప్పుడు ఎల్బీ నగర్ ల బస్సు కండక్టరై "సాగర్, సాగర్!" అని వాడు అరుస్తుంటే వినలేదా, గప్పుడు సన్నగైన గొంతు మల్లొచ్చినదే. మీ అమ్మ మాత్రం మూడేండ్లు ఆమెతోని మాట్లాడలే. నువ్వు పుట్టినంక కోటేశ్వరమ్మ గారు గా ఉంగరమే తేనెల ముంచి తెచ్చింది. అందరం బెదిరినం. ఆమె నిన్ను ముట్టలే. మీ అమ్మ నోట్ల పెట్టింది. "బిడ్డకి తీపి గొంతు కావాలంటే నువ్వు తియ్యగా మాట్లాడాలమ్మా, వినేది నిన్నే కదా" అన్నది. మీ అమ్మ ఏడ్సింది, మాట కలిపింది. నేను మాత్రం ఇప్పటిదాక చెప్పలే, దినాం తేనె నాకిపిచ్చింది నేనని...

ఏంది, నా వెనక ఏం సూస్తున్నవ్?

ఓ కోడలా! ఎప్పుడొచ్చినవమ్మా? గా గరిటె కింద పెట్టు. రమ్యా, సీసా మూత తియ్యి జల్ది. నోరు తెరువు కోడలా, ముందుగాల తేనె. తిట్లు ఆనక.