తొమ్మిది రోజుల చలి

పండ్ల గిడ్డంగిలో చల్లగది. తలుపుకి లోపల బావ, బయట ఆ గదిని చూసుకునే బావమరిది. లోపల మనిషి ఉంటే బయటివాడు ఐదు నిమిషాలకోసారి తలుపు తట్టాలి, లోపలివాడు పలకాలి. అది అక్కడి నియమం.

"బావా, ఉన్నావా, పోయావా?"

"ఉన్నా. ఐదు నిమిషాలకోసారి అదే పాడు మాటా? వేరేలా అడగలేవూ?"

"తట్టాలనే ఉంది రూల్లో. ఏం అడగాలో లేదు. అయినా ఇవాళ రెండు నిమిషాల్లో బయటికి ఉరుకుతావనుకున్నా."

"పదో రోజురా. రాటుదేలాను."

"ఎలుకలకి ఎన్ని రోజులు పట్టిందన్నావు?"

"ఐదు వారాలు. పేపర్లో వేశారు. చలికి అలవాటు చేసి, ఆ తర్వాత గుండెకి రక్తం ఆపి చూశారు. మామూలు ఎలుకల కంటే వీటి గుండెకి దెబ్బ తక్కువ తగిలిందట."

"తక్కువ తగిలిందని ఎలా తెలిసిందట?"

"ఎలా ఏంటి... చూశారు."

"అదే, ఎలా చూశారు?"

"కోసి."

"అదీ సంగతి. సోమవారం డాక్టరు కోస్తాడని భయపడి, కోయించుకున్న ఎలుకల వెనకాల పడ్డావు."

"భయమా? నాకా? పదహారేళ్ళుగా కారు నేర్పుతున్నా. రోజూ ఎవడో ఒకడి చేతిలో ప్రాణం పెట్టి పక్కసీట్లో కూర్చుంటా."

"పక్కసీట్లో నీ కాలికింద ఇంకో బ్రేకుంటుంది బావా. ఆపరేషన్ బల్ల మీద ఉండదు. అదీ నీ బాధ."

"నువ్వు తలుపు తట్టరా, చాలు. గుండె నాళాల్లో మూడు చోట్ల పూడికైతే మాత్రం, ఐదు వారాల్లో ఏం కొంపలు మునుగుతాయి?"

"సోమవారం దాటనివ్వద్దని డాక్టరు చెప్పాడు. అక్క నాలుగు రోజులుగా సరిగ్గా తినట్లేదు."

"మీ అక్క దేనికైనా తిండి మానేస్తుంది. సోఫా కవర్లు ఇప్పుడెందుకన్నా మానేసింది."

"నీ గుండే, సోఫా కవరూ ఒకటేనన్నమాట."

"వెటకారం ఆపి విను. మొదటి రోజు రెండు దుప్పట్లు కప్పుకున్నానా? నాలుగో రోజుకి ఒకటి తీసేశా. నిన్న ఏకంగా బనీనుతో కూర్చున్నా. మరి దాన్నేమంటారు? ఏంట్రా, నవ్వుతున్నావా?"

"లేదు బావా, దగ్గు."

"దగ్గు కాదు. నవ్వే."

"సరే, ఇక నావల్ల కాదు. సీజను అయిపోయింది బావా. గది ఖాళీ. అక్క ఫోన్ చేసి, కూలింగ్ మిషను కట్టేయ్, ఫ్యాను మాత్రం తిప్పు అంది. తొమ్మిది రోజులు నువ్వు కూర్చుంది ఉత్త గదిలో. గది రోజురోజుకీ వెచ్చబడింది, నువ్వు ఒక్కో దుప్పటీ తీసి రాటుదేలానన్నావు."

"తొమ్మిది రోజులా?"

"నిన్నైతే మీ హాల్లో కంటే వెచ్చగా ఉంది."

"మీ అక్కా... రోజూ ఇంటికెళ్ళగానే 'బాగా చలేసిందా' అని అడిగేది కదరా. వేణ్ణీళ్ళు కూడా కాచేది."

"ఎంతైనా మా అక్క."

"డ్రైవింగ్ స్కూల్లో అందరికీ చెప్పుకున్నాను. ఇద్దరు రేపట్నుంచి వస్తామన్నారు."

"రమ్మను. ఫ్యాను పెద్దదే."

"ఛీ."

"బావా? తడుతున్నా. కోపమొచ్చినా పలకాలి."

"పలుకుతున్నాలే. సోమవారం వెళ్తా. భయంగానే ఉంది, చాలా? మత్తిచ్చాక మళ్ళీ లేవనేమోనని. మీ అక్కకి నువ్వే చెప్పు. ఆవిడ ముందు నేను అనలేను."

"చెప్తా. ఇవాళైనా కడుపునిండా తింటుంది. రా బావా, కాఫీ తాగుదాం."

"కాసేపు కూర్చోనీ. ఆయాసంగా ఉంది. అందుకా ఈ చెమట, ఇప్పుడర్థమైంది."

"ఏం చెమట?"

"బనీను పిండితే కారేట్టుంది. వచ్చినప్పుడు కాస్త వణికా, తర్వాత ఇదీ వరస. దవడ లాగుతోంది, ఎడం చెయ్యి తిమ్మిరి. నేనేమో ఒళ్ళు లోపల్నించే వేడి పుట్టించుకుంటోందని మురిసిపోతున్నా. మిషను కట్టేస్తే ఉక్క పోయదూ మరి?"

"బావా."

"ఊఁ."

"లేవకు. అలాగే కూర్చో. తలుపు తీస్తున్నా."

"ఇప్పుడేమైందిరా?"

"కట్టేసింది తొమ్మిది రోజులే బావా. రేపు కొత్త సీజను సరుకొస్తోందని ఇవాళ పొద్దున్నే మిషను వేశాను. లోపల రెండు డిగ్రీలుంది."