అమ్మ తిట్టిన బండి

పాత మోటారుసైకిళ్లు అమ్మే దుకాణానికి ఎదురుగా, రోడ్డుకి ఇవతలి వైపున ఒక తల్లీ కూతురూ నిలబడి గుసగుసలాడుకుంటున్నారు.

“...నచ్చిన బండి వైపు చూడకూడదు. అది మొదటిది.”

“చూడనమ్మా.”

“చూసినా నవ్వకూడదు. నీకేదైనా నచ్చిందంటే నోరు చెవుల దాకా సాగుతుంది. అచ్చం మీ నాన్నే.”

“అందుకేగా నాన్నని ఇంట్లో వదిలేసి వచ్చాం.”

“మరి? దుకాణంలో అడుగు పెట్టీ పెట్టగానే ‘అబ్బ, ఎంత బాగుందో!’ అంటాడు. ఆ ఒక్క మాటకి మనింట్లో రెండు బీరువాలు, గుమ్మం పట్టని సోఫా ఒకటి.”

“సోఫా బాగానే ఉందిగా అమ్మా.”

“వరండాలో బాగానే ఉంది. సరే, రెండోది నువ్వు చెప్పు.”

“నువ్వు పొగిడావంటే అది మనకొద్దని. తిట్టావంటే అదే కావాలని. ఇది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కుక్కర్ కొన్నరోజు నువ్వు తిట్టిన తిట్లకి ఆ షాపాయన, బిడ్డ మొహాన్ని చీరకొంగుతో తుడిచే తల్లిలా దాన్ని తుడుచుకున్నాడు పాపం.”

“సగం ధరకిచ్చాడు కదా. మరి పద.”

“మూడోది నేను చెప్తా. ఇవాళ కొనే వెళ్లాలి. సోమవారం నుంచి పొద్దున్నే ఆరింటికి ల్యాబు. మనవైపు మొదటి బస్సు కదిలేసరికే ఆరు దాటుతుంది. బండి లేకపోతే హాస్టలే గతి. సాయంత్రంలోగా గది సంగతి తేల్చమంది వార్డెన్.”

“తెలుసులేవే. పొద్దున్నుంచి చెబుతూనే ఉన్నావు.”

“నువ్వే ఒక్కసారీ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు.”

“రోడ్డు దాటు. అటూ ఇటూ చూసి దాటు. చెయ్యి పట్టుకో.”

“అమ్మా, నాకు ఇరవయ్యేళ్లు!”

“ఆ సంగతి లారీకి తెలియదుగా.”

“రండక్కా, రండి! బండి చెల్లెమ్మకేనా? కాలేజీకా?”

“చూద్దామని వచ్చాం తమ్ముడూ. కొనాలని కాదు. ఇటు పనుండి వస్తూ.”

“చూడండక్కా, చూస్తే అరిగిపోతాయా? ఇదిగో, ముందీ ఎర్రది చూడండి. నిన్నగాక మొన్న వచ్చింది. కాలేజీ పిల్లలు దీని చుట్టూ ఈగల్లా ముసురుతున్నారు.”

“అబ్బబ్బబ్బ! ఏముంది తమ్ముడూ బండి! పెళ్లికొడుకులా ఉంది! ఆ ట్యాంకు చూడవే, ఆ మెరుపు చూడు!”

“అమ్మా... పొగుడుతున్నావా?”

“పొగడనా మరి? ఇంత అందమైనదాన్ని!”

“సరే. అర్థమైంది.”

“అక్కది మంచి కన్ను. చెల్లెమ్మేంటి, ఒక్కసారిగా డీలా పడిపోయింది?”

“ఏం లేదన్నా. ఎక్కి చూడొచ్చా? ఊఁ... మునివేళ్లే ఆనుతున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పక్కవాడి భుజం పట్టుకోవాలి. లీటరుకెంతిస్తుంది?”

“దీనికి మైలేజీ అడిగేవాళ్లెవరు చెల్లెమ్మా? ఏనుగుని కొనేవాడు గడ్డి ధర అడుగుతాడా?”

“నేను అడుగుతా. నావి ట్యూషన్ డబ్బులు. మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించి, అప్పజెప్పించి దాచుకున్నవి. ఏనుగుకి చాలవు. అన్నా, ఆ మూల ఉన్న నల్లదేంటి?”

“అదా? మామూలు బండి. చిన్న ఇంజను. ఒక్కరి చేతిలోనే నడిచింది. ఎవరో బ్యాంకాయన. ఇంటి నుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి ఇంటికి. దారిలో టీకి కూడా ఆపి ఉండడు.”

“ఏమే, దాని వైపు చూడొద్దన్నానా!”

“దాన్ని చూడట్లేదమ్మా. దాని వెనకున్న గోడని చూస్తున్నా.”

“గోడని చూసి ఎవరూ అలా నవ్వరు.”

“ఆగు ఒక్క నిమిషం. ఇంజను మీద చెయ్యి పెట్టి చూస్తా. చల్లగా ఉంది!”

“చల్లగా ఉంటే ఏం?”

“మనం వచ్చేముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టలేదని. పడుకున్న బండి ఒక్క కిక్కుకి లేచిందంటే ఒంట్లో బాగున్నట్టే. మా క్లాసులో అందరూ ఇలాగే చూస్తారు. తంతున్నా... చూశావా! ఒక్క కిక్కు! పొగ లేదు. కాళ్లు రెండూ నేలమీద చక్కగా ఆనుతున్నాయి. అన్నా, దీనికెంతిస్తుంది లీటరుకి?”

“అరవై ఇస్తుంది చెల్లెమ్మా. బుద్ధిగా తోలితే ఇంకో నాలుగు దొంగచాటుగా ఇస్తుంది.”

“అమ్మా, నువ్వేమంటావు?”

“నేనా?”

“నువ్వే.”

“ఇదీ ఒక బండేనా!”

“అమ్మయ్య!”

“దేనికే అమ్మయ్య?”

“ఏం లేదు, ఏం లేదు. నువ్వు కానివ్వు.”

“ఎంత బక్కగా ఉందో చూడు! లారీవాడి కంటికి ఆనుతుందా అసలిది? వాడి అద్దంలో చీమంత కనబడుతుంది.”

“బక్కదైతేనేగా అక్కా, ట్రాఫిక్‌లో సందు దొరికితే దూరేది.”

“ఆ దూరడమే వద్దంటున్నా!”

“చెల్లెమ్మా, ఓ చుట్టు తిరిగి రాపో. బండి గురించి బండే చెప్తుంది. లైసెన్సుందిగా?”

“ఉందన్నా. బాబాయి బండి మీద నేర్చుకున్నా.”

“ఆ బాబాయికి ఇవాళ్టి నుంచి మనింట్లో కాఫీ లేదు. హెల్మెట్ పెట్టుకో. ఇంకా బిగించు. ఇంకా.”

“మెడ తెగుతుందమ్మా!”

“మెల్లగా వెళ్లు. మలుపులో హారన్ కొట్టు. ఎవరూ లేకపోయినా కొట్టు... తమ్ముడూ, వెళ్లిపోయిందేంటి అప్పుడే? నేనింకా చెప్తూనే ఉన్నాను.”

“బండికి పికప్ ఉందక్కా.”

“వచ్చేసిందా?”

“ఇప్పుడేగా వెళ్లింది.”

“చప్పుడు వినపడట్లేదేం?”

“మంచి బండికి చప్పుడుండదక్కా.”

“చప్పుడు లేకపోతే ముందు నడిచేవాడికి వస్తోందని ఎలా తెలుస్తుంది? అదీ ఓ లోపమే.”

“లోపమా? సరే, మీరు అడిగారు కాబట్టి ఓ వెయ్యి తగ్గిస్తా.”

“డబ్బు సంగతి నేనెత్తానా? అదిగో ఎవరో పడ్డట్టు లేదూ?”

“అది పక్కింటివాళ్లు రేకు దించుతున్నారక్కా. కూర్చోండి. మంచినీళ్లు తాగండి.”

“నువ్వు తాగు. నాకు దాహం లేదు... వస్తోంది! వస్తోంది! ఒంటి చేత్తో తోలుతోందేంటి?”

“మీకు చెయ్యి ఊపుతోందక్కా.”

“ఊపొద్దని చెప్పు! రెండు చేతులూ! రెండు చేతులూ!”

“అమ్మా, వెన్నపూసలా ఉంది! అంటే... ఏదో ఉందిలే. పర్లేదు. అన్నా, చీటీ మీద రాసిన ధర కాదు, ఆఖరుగా ఎంత?”

“అక్క ఇప్పటికే ఓ వెయ్యి కోసేసింది చెల్లెమ్మా.”

“అప్పుడే? అమ్మా, నువ్వు మామూలు మనిషివి కాదు. ఇంకా కానివ్వు.”

“వాన పడితే ఎలా తమ్ముడూ? దీనికి పైకప్పేది?”

“పైకప్పా?”

“తడిసి ముద్దై ఇంటికొస్తే జ్వరం ఎవరికి? నీకా?”

“అక్కా, మోటారుసైకిలుకి పైకప్పుండదు. పోనీ, రెయిన్‌కోటు ఊరికే ఇస్తాను.”

“రెయిన్‌కోటు ఖాయం చేసుకో అమ్మా! తర్వాత?”

“తర్వాత ఏముంది? నీళ్లు నిలిచిన చోట గుంత ఉందో లేదో ఈ లైటుకి తెలుస్తుందా? కుక్క అడ్డొస్తే?”

“కుక్కలకి నన్నేం చెయ్యమంటారక్కా?”

“అసలు రెండే చక్రాలేంటి తమ్ముడూ?”

“అక్కా... నాకీ వ్యాపారం మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. టైరు అరిగిందని తగ్గించమన్నారు, రంగు పోయిందని తగ్గించమన్నారు. రెండే చక్రాలున్నాయని తగ్గించమన్నది మీరొక్కరే.”

“నిలబడుతుందా మరి? స్టాండు తీసి వదిలెయ్, నిలబడుతుందేమో చూద్దాం. ఒంటరిగా నిలబడలేనిదాని మీద పిల్లని కూర్చోబెట్టి పొద్దున్నే చీకట్లో పంపమంటావా?”

“ఇంకో వెయ్యి తగ్గిస్తా. ఇంక నన్నొదిలెయ్యండక్కా. నేనూ పిల్లలు గలవాణ్ని.”

“అమ్మా, ఇటు రా. ఈ ఎర్రదాని వెనక్కి రా. అమ్మా! రెండు చక్రాలు! అసలెవరికైనా తడుతుందా ఆ మాట? కుక్కర్ బేరం ఎందుకూ పనికిరాదు దీని ముందు. ఇంక ఆపెయ్, ఆయన మొహం చూడలేకపోతున్నా. నేననుకున్నదాని కన్నా తక్కువకే వచ్చింది, పెట్రోలుకి కూడా మిగులుతుంది. ‘పోనీలే, దిక్కులేక తీసుకుంటున్నాం’ అనెయ్. ఎప్పుడూ నీ ఆఖరి మాట అదేగా.”

“ఊఁ.”

“ఊఁ కాదు, అను.”

“అనను.”

“ఇంకా తగ్గుతుందంటావా?”

“బేరం కాదే.”

“ఏది బేరం కాదు?”

“నేను బేరమాడలేదు. నిజంగానే తిట్టాను.”

“నిజంగానే అంటే... రెండు చక్రాలనా?”

“రెండు చక్రాలు, లారీ, వాన, కుక్క, అన్నీ. ఒక్కదానికైనా అతను సమాధానం చెప్పాడా, గమనించావా? డబ్బు తగ్గించాడంతే.”

“అక్కా, ఏమీ అనుకోకండి, ఎర్రదాని వెనక నిలబడితే మాటలు వినపడకుండా పోవు. నాకొక్కటి చెప్పండి. ఇందాక ఈ ఎర్రదాన్ని పొగిడారుగా?”

“మా అమ్మ పొగిడిందంటే అది వద్దని అర్థం, అన్నా.”

“ఆ నల్లదాన్ని తిట్టారు?”

“తిట్టిందంటే అదే కావాలని.”

“కావాలని కాదే! వద్దని!”

“అంటే పొగిడినా వద్దే, తిట్టినా వద్దేనా? కాస్త ఆ కుర్చీ ఇలా జరుపు చెల్లెమ్మా. కూర్చుంటాను.”

“ఇంట్లోనే చెప్పొచ్చుగా అమ్మా, వద్దని? ఇంత దూరం వచ్చి, నేను బండెక్కి తిరిగొచ్చాకనా?”

“ఎలా చెప్పనే? సాయంత్రాలన్నీ ఆ పిల్లల చేత ఎక్కాలు చదివించి, గొంతు బొంగురుపోతే వేన్నీళ్లు తాగి మళ్లీ చదివించావు. నీ డబ్బు, నీ కాలేజీ. వద్దనడానికి నోరు రాలేదు. ఇక్కడికొచ్చాక ఏదో ఒక వంక దొరక్కపోదా అనుకున్నా. పాడు బండి, ఒక్క వంకైనా ఉంటేగా! అందుకే చక్రాల మీద పడ్డాను.”

“నువ్వు తిడుతున్నకొద్దీ నేను పొంగిపోయాను.”

“చూశాగా. చెవుల దాకా.”

“సరే అయితే. వద్దులే.”

“ఏది వద్దు?”

“బండి. రోజూ పొద్దున్న నేను గేటు దాటింది మొదలు నువ్విలాగే ‘వచ్చేసిందా, వచ్చేసిందా’ అని కూర్చోవడం నాకిష్టం లేదు. హాస్టల్లో చేరిపోతా. అక్కణ్నుంచి ల్యాబు నడిచే దూరం. లారీ లేదు, కుక్క లేదు. శనివారాలు ఇంటికొస్తా.”

“శనివారాలా?”

“పరీక్షలు లేనప్పుడు.”

“ఓహో.”

“చెల్లెమ్మా, తొందరపడకు. ఈ ధరకి మళ్లీ...”

“నువ్వుండు తమ్ముడూ.”

“ఉన్నానక్కా.”

“వార్డెన్‌కి ఫోన్ చేసెయ్యనా అమ్మా? గది ఉంచమని?”

“చెయ్యి. మంచిదేగా.”

“నిజంగా? మనస్ఫూర్తిగానే అంటున్నావా?”

“నిజంగానే. మొన్న చూశాంగా ఆ గది. ఎంత బాగుందే!”

“బాగుందా?”

“బాగుండకేం? కిటికీ కూడా ఉంది. తెరిస్తే ఎదురుగా గోడ. ఎండ పడదు, గాలి రాదు, ఒంటికి ఎంత సుఖం! ఇనప మంచాలు. కాళ్లు బయటికొస్తే వచ్చాయి, మంచం మాత్రం గట్టిది.”

“ఫోన్ మోగుతోంది. ఎత్తట్లేదు.”

“ఎత్తుతుందిలే, మంచి మనిషి. మనం అడిగినవాటికి తలెత్తకుండానే ఎంత మర్యాదగా జవాబిచ్చిందనీ! ఇక ఆ భోజనాల గది! వారమంతా ఒకటే కూరట. పూటపూటకీ ఇంట్లోలాగా ఏం వండాలని కొట్టుకోనక్కర్లేదు, ఎంత నిలకడో చూడు.”

“అమ్మా...”

“తలుపుకి గడియ కూడా ఉందే! కాస్త పైకెత్తి నెడితే పడుతుంది కూడా. ఇక మనిల్లంటావా, స్వర్గమే! చెప్పులు తలోమూలా విసిరేవాళ్లుండరు. ‘అమ్మా, ఆకలి’ అని వీధిలోంచే కేకలుండవు. నా దువ్వెన నా చోటనే ఉంటుంది. నేనూ మీ నాన్నా టీవీ ముందు కూర్చుని, మాట్లాడుకోడానికేమీ లేక, ఎంత ప్రశాంతంగా ఉంటామో! తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తోంది. ఎంత బాగుంటుందో!”

“హలో... మేడమ్? ఆఁ, నేనే. కాదు మేడమ్, ఏం లేదు. మళ్లీ చేస్తాను.”

“ఏమైందే? ఎందుకు పెట్టేశావు?”

“చెల్లెమ్మా, ఇంతకీ నా బండి సంగతి చెప్పు. మళ్లీ మూలకి తోసెయ్యనా?”

“తొయ్యకన్నా. కాగితాలు తియ్యి.”

“అదేంటి? అక్క ఒకపక్క హాస్టల్ అంత బాగుందంటుంటే!”

“అందుకే అన్నా. మా అమ్మ హాస్టల్ని పొగుడుతోంది.”