నీటిబుడగ

పాకలో ఆవు వెనక నిలబడి పశువుల డాక్టరమ్మ మోచేతి దాకా ఉన్న గ్లవ్ తీస్తోంది. ఇంటి కోడలు పలుపు వదలకుండా పట్టుకుని ఉంది.

"గొడ్డుపోయిందా డాక్టరమ్మా? మాటిమాటికీ ఎదకొస్తుంది, చూలు మాత్రం నిలవదు."

"గొడ్డూ లేదు, గాడిదా లేదు. గుడ్డు బయటపడకుండా అండాశయం మీద నీటిబుడగలా ఉండిపోయింది. సూది వేద్దాం."

"తగ్గుతుందా?"

"చాలావాటికి తగ్గుతుంది. దీనికీ తగ్గుతుందని ఒట్టు వేసి చెప్పలేను."

"మెల్లగా అనండి! మా అత్తయ్య వరండాలోనే ఉంది. ఈనని గొడ్డుకు మేత దండగని సాయంత్రం బేరగాణ్ణి రమ్మంది."

"కాస్త ఓపిక పట్టమని నేను చెప్తాలే. ఆవు కోసం నీకెందుకమ్మా ఇంత కంగారు?"

"నిన్న ఆసుపత్రిలో నాకు స్కానింగ్ తీశారు. నాకూ అండాశయంలో నీటిబుడగలున్నాయట."

"ఇంట్లో చెప్పావా?"

"మా ఆయనకి కూడా చెప్పలేదు."

"పిచ్చితల్లీ, ఆవుది వేరు, నీది వేరు. నీకూ మందులున్నాయి. మీ అత్తయ్యను పిలువు, ఇద్దరి సంగతీ నేనే చెప్పేస్తాను."

"వద్దు, వద్దు! ముందు ఆవు సంగతే చెప్పండి. అది విని ఆవిడ ముఖం ఎలా మారుతుందో చూసి, నాది చెప్పాలో వద్దో తేల్చుకుంటాను."