లాలమ్మ కుట్టిన దట్టీల చాందినీ

లాలమ్మ అని పరుపులు కుట్టే ఆడమనిషి ఉండె, నల్లగుంట్లపల్లెలో. దూదేకులోళ్ళ ఇంటి కోడలు. మొగుడు దూది ఏకితే ఈమె కుట్టేది, అట్ల బతికినారు ఇద్దరూ. ఇంగ ఏమైందంటే, టౌన్ నుంచి స్పంజి పరుపులు వచ్చె, మొగుడూ కాలం చేసె. దూది ఏకే విల్లు దూలానికి తగిలించేసి ఈమె బొంతలు కుట్టుకుంటా ఉండిపోయింది. పాత చీరలు తీస్కపోయి ఇస్తే నాలుగు పొరలేసి కుట్టి ఇస్తాది. ఆమె కుట్టు చూసినారా మీరు? చీమలు బారు కట్టి పోయినట్టుంటాది, యాడా వంకర రాదు. ఆ ఊర్లో సగం మంది ఆమె బొంతల్లో పొర్లాడి పెరిగినోళ్ళే. అయినా బొంతలు కుట్టే ఆమెకి ఏం పేరుంటాది చెప్పండి. చలికాలం గుర్తొస్తాది, ఎండాకాలం మర్చిపోతారు.

ఆ ఊర్లో పీర్లచావిడి ఉండాది. ఈడ కూసున్న ఈ టౌన్ పిల్లకి తెలీదేమో, చెప్తా విను తల్లీ. పీర్లంటే ఇత్తడి హస్తాలు. కట్టెలకి నిలబెట్టి, రంగురంగుల గుడ్డలు కట్టి, పది దినాలు కొలుస్తారు. సాయిబులని లేదు, రెడ్లని లేదు, బోయోళ్ళని లేదు, ఊరు ఊరంతా మొక్కుతాది. బిడ్డకి జరమొచ్చినా, బోరులో నీళ్ళు పడకపోయినా, కోర్టులో యాజ్యం ఉన్నా, ఒక గుడ్డ తెచ్చి సామికి కట్టి మొక్కుకుంటారు. దాన్నే దట్టీ అంటారు. పండగైపోయినాక ఆ దట్టీలు యాడబడితే ఆడ పారేయగూడదు, పారే నీళ్ళల్లో కలపాల. అదీ పద్ధతి. మరి ఊరి వంకలో, అదే వాగులో, నీళ్ళు పారి పదిహేడేండ్లాయె. యాడ కలపాల? చావిడిలో పీర్లకి సేవ చేసే ముజావరు మౌలాలన్న ఏం చేసేటోడంటే, ఏ ఏటి దట్టీలు ఆ ఏడు గోనెసంచిలో కుక్కి అటక మీద పెట్టేటోడంట. వచ్చే ఏడు వాన పడితే కలుపుదాంలే అనుకోని. ఒక్కో సంచి రెండేండ్లకి నిండేది, అట్ల అట్ల తొమ్మిది సంచులైనాయి.

పోయిన ఏడు చావిడి మట్టిమిద్దె పడగొట్టి కొత్తగా స్లాబు ఏసినారు. సామి నెత్తిమీద కట్టే చాందినీ ఉంటాదే, గుడ్డ పందిరి మాదిరి, దాన్ని దించితే ఎలకలు కొట్టేసి చేతిలోనే పీలికలు పీలికలుగా రాలిపాయె. గోనెసంచులూ దించినారు. సర్పంచి నరసింగప్ప వచ్చి చూసి, మంచిమాటగానే చెప్పినాడనుకో, ఈ పాత గుడ్డలన్నీ ఊరి బయట మర్యాదగా కాల్చేద్దాం మౌలాలీ, చాందినీ నేను టౌన్లో మంచిది తెప్పిస్తా, తళుకులూ లైట్లూ ఉండేది అన్నాడంట. అందరూ సరే అన్నారు. లాలమ్మ ఆడనే గోడకి సున్నం కొడతాండె. సున్నం చెయ్యి కొంగుకి తుడుచుకోని ఒక సంచిలో చెయ్యి పెట్టింది. ఆకుపచ్చది ఒకటి వచ్చె, ఎర్రది ఒకటి వచ్చె, ఇంకా ఊదొత్తుల వాసన పోలా. "అన్నా, వీటిని కాల్చద్దండి. నాకీండి. చాందినీ నేను కుడతా" అనింది. మౌలాలన్న భయపడినాడు. "అమ్మా, అవి సామి మేనికి తగిలిన గుడ్డలు. కత్తెర పెడితే దోసం" అన్నాడు. "కత్తెర పెట్టను. ఏ గుడ్డ ఎంతుంటే అంతే మడిచి కుడతా. పండగకి రెండు నెలలుండాది గదా, బాగలేకపోతే సర్పంచి తెచ్చేదే కట్టుకోండి" అనింది.

చెప్పేసింది గానీ, ఇంటికొచ్చి సంచులు కుమ్మరించినాక తెల్సింది ఆమెకి. ఒకటి మూరెడు, ఒకటి జానెడు, ఒకటి చీరంత పొడుగు. కత్తెర లేకుండా వాటిని ఎట్ల ఒద్దికగా కూర్చాల? నాలుగు దినాలు గుడ్డల మధ్యన ఊరికే కూసున్నాదంట. చేతికి సూది రాలా. ఐదోదినం పొద్దున ఆకుపచ్చవన్నీ ఒక పక్కకి తీసింది, ఎర్రవీ పసుపువీ ఒక పక్కకి. చూస్తే ఎర్రా పసుపూ మన నేల మాదిరే ఉండాది. అప్పుడు తట్టిందంట. ఈ గుడ్డలు పోవాల్సింది వంకలోకి. వంక రాకపోతే వంకనే కుడతా. ఒక మూల సన్నంగా మొదలుపెట్టి, ఆకుపచ్చ గుడ్డలు వంపులు తిరుగుతా, వెడల్పవుతా, ఎర్రనేల మధ్యన పారతా పోవాల. మొక్కుకున్నోళ్ళ గుడ్డలన్నీ అందులో కలిసిపోవాల. అంతే, ఇంగ సూది ఆగలా.

ఊర్లో ఆడోళ్ళు చూడ్డానికి వచ్చేది, "మే, ఇది నాది, మా ఎద్దుకి గాలికుంటు వచ్చినప్పుడు కట్టింది" అనేది ఒకామె. "ఇది మా కొడుకు టెంతు పాస్ కావాలని కట్టింది, మూడుసార్లు కట్టినా" అనేది ఇంకొకామె. ఏం నవ్వుతారు, మూడోసారి పాసైనాడు గదా. అట్ల లాలమ్మకి ఒక్కో గుడ్డ ఎవరిదో, ఏ కష్టానిదో తెల్సిపోయె. తెల్సినాక కుట్టు ఇంకా జాగ్రత్తగా పడేదంట. ఒక్క గుడ్డకి మాత్రం ఎవరూ రాలా. పసుపుది, చిన్నది, అంచుకి పచ్చ చుక్కలు. ఎవరో ముసలామె చూసి గొంతు తగ్గించి చెప్పింది, అది ఓబులమ్మదే అని.

ఓబులమ్మ కత ఊరందరికీ తెల్సు. ఒక్కతే కూతురు, ఆరేండ్లది. పన్నెండేండ్ల కిందట జరమొస్తే సామికి దట్టీ కట్టి మొక్కింది, ఆస్పత్రికీ తీస్కపోయింది. బిడ్డ దక్కలా. ఆ దినం నుంచి ఓబులమ్మ చావిడి గడప తొక్కలా. ఊరంతా పీర్లకాడ ఉంటే ఆమె ఒక్కతే చేన్లో కలుపు తీస్తా ఉంటాది. మౌలాలన్న ఆ గుడ్డ చూసి, "ఇది తీసెయ్ లాలమ్మా. తీరని మొక్కు సామి నెత్తిమీద ఉండగూడదు" అన్నాడంట. లాలమ్మ గుడ్డ మడిచి కొంగున కట్టుకోని ఓబులమ్మ శెనక్కాయ చేనికి పోయింది.

ఓబులమ్మ గుడ్డని చూసింది, ముట్టలా. "పాప లంగాలోనుంచి చించినా అది. వేరే గుడ్డ కొనుక్కొచ్చే టయిము లేదు ఆ పొద్దు" అనింది. కొంచెంసేపు కలుపు పీకి, "కాల్చెయ్ లాలక్కా. నాకూ ఆ సామికీ ఏం లేదు" అనింది. లాలమ్మ గట్టు మీద కూసోని, "నీ కోపం పోవాలని నేను రాలా మే. అడిగింది దక్కినోళ్ళ గుడ్డలే కుట్టి ఇది ఊరి చాందినీ అంటే అది అబద్ధమైపోతాది. నీ కోపం గూడా సామి నెత్తిమీదనే ఉండనీ, పది దినాలూ చూస్తాడు" అనింది. లాలమ్మ గుడ్డని గట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టి వచ్చేసింది.

మూడు దినాలు ఏమీ లేదు. నాలుగోదినం మధ్యాన్నం ఓబులమ్మ వచ్చింది. గుడ్డ ఉతికి ఆరేసి తెచ్చింది, సూది గూడా ఆమెదే. చాందినీ అంతా చుట్టూ తిరిగి చూసి, వంక ఎక్కడ మొదలైతాదో అడిగి, "ఇక్కడ" అనింది. తానే కూసోని కుట్టింది. ఆమెకి కుట్టు రాదు, అంతా వంకరటింకర. అప్పుడే మౌలాలన్న వచ్చినాడు. "ఓబులమ్మా, తీరని మొక్కు..." అని ఏమో అనబోయినాడు. ఆమె తలెత్తకుండా, "పన్నెండేండ్లు సామిని నేనేం అడగలేదు మౌలాలన్నా. ఇప్పుడు ఇది అడుగుతాండా" అనింది. మౌలాలన్న ఆడనే నిలబడిపోయినాడంట, నిలబడి నిలబడి, దారం అయిపోతే కండె అందిచ్చినాడంట. అంతే. ఇంగ ఆ మాట మళ్ళీ ఎత్తలా ఆయన. లాలమ్మ ఆ వంకర కుట్టు మీద చెయ్యి పెట్టలా. పరుపు కుట్టులో దారం ఒక్కటి పక్కకి పోతే విప్పి మళ్ళీ కుట్టే మనిషి, దాన్ని అట్లే వదిలేసింది.

పండగ మొదటి దినం నలుగురు మొగోళ్ళు నిచ్చెనలెక్కి చాందినీ కట్టినారు. కొత్త స్లాబు కింద, కిటికీలోనుంచి పొద్దటి ఎండ తగిలి, ఆ పచ్చ వంక పారతాన్నట్టే ఉండాదంట. పాపం సర్పంచి తళుకుల చాందినీ ఆల్రెడీ తెప్పించినాడు, దాన్ని బయట చెప్పులు విడిచేకాడ నీడకి కట్టినారు. ఊరోళ్ళు మొక్కుకున్నాక నేల మీద ఎల్లకిల పండుకోని పైకి చూసేది, "అదిగో మాది, అదిగో మీది" అని చేతులు చూపించేది. ఓబులమ్మ ఆ ఏడు చేనికి పోలా. చావిడిలోకి వచ్చి మొక్కిందా అంటే మొక్కలా. గోడకి ఆనుకోని పైకి చూస్తా కూసున్నాది, పది దినాలూ వచ్చి కూసున్నాది. లాలమ్మ దూరంగా నిలబడి చూసి, నేను చేసిన పనుల్లో ఇదీ పనంటే అనుకున్నాదంట మనసులో.

తర్వాత పక్క ఊరి రామాలయం వాళ్ళు వచ్చినారు, మాకూ ఒక తెర కుట్టియ్యమని. అవతలి పేటలో చర్చి పాస్టరు వచ్చినాడు, మా గోడకీ ఒకటి కావాలని. అందరికీ ఒకటే మాట చెప్పిందంట, "మీ ఊరి గుడ్డలు మీరు తెచ్చుకోండి, మీ ఊరి కతలు చెప్పండి, అప్పుడు కుడతా." టౌన్ నుంచి ఎవరో పెద్దమనిషి కారులో వచ్చి, మీ చాందినీ మా ఎగ్జిబిషన్‌లో పెడతామమ్మా, అద్దాలు బిగించి, కింద మీ పేరు రాస్తామని అడిగినాడంట. "పేరు రాసి అద్దాల్లో పెట్టేకి అది అంగట్లో బొమ్మా. సామికాడ ఉండాది, వచ్చి చూసిపోండి" అని పంపిచ్చింది.

వంకలో నీళ్ళు వచ్చినాయా అంటే, రాలా. అబద్ధం ఎందుకు చెప్పాల. నేను పోయి చూసినా, ఇసుకే ఉండాది. చావిడిలోకీ పోయినా, పండుకోని పైకి చూసినా, ఇంత పెద్దోడిని, కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. లేచి లాలమ్మని అడిగినా, "అందరి గుడ్డలూ ఉండాయే, ఇందులో నీ గుడ్డ ఏదమ్మా" అని. ఆమె సూదిలో దారం ఎక్కిస్తా, నన్ను చూడను గూడా చూడలా. "నాకు గుడ్డెందుకు నాయనా, కుట్టంతా నాదే గదా" అనింది. చొక్కాకి దుమ్ము దులుపుకోని వచ్చేసినా.